రగ్బీ రిఫరీ మాట ఎలా చెల్లుతుంది: తరచుగా అడిగే ప్రశ్నలు

రగ్బీ కొత్తగా చూడటం మొదలుపెట్టినవాళ్ళు, ఆడే పిల్లల తల్లిదండ్రులు, విజిల్ పట్టుకోవాలని ఆశపడేవాళ్ళు ఎక్కువగా అడిగే ప్రశ్నలు ఇవి. కొన్నిటికి నియమాల పుస్తకంలోనే జవాబు దొరుకుతుంది. చాలా వాటికి మాత్రం మైదానంలో చూసి నేర్చుకోవాల్సిందే.

వంద కిలోలు దాటిన ఆటగాళ్ళు ఒక్క రిఫరీ ముందు అంత బుద్ధిగా ఎందుకు నిలబడతారు?

సంప్రదాయం అని చాలామంది చెబుతారు. అది సగం జవాబే. మిగతా సగం ఆట స్వభావంలో ఉంది. రగ్బీలో మనిషిని మనిషి ఢీకొనడం తప్పు కాదు, ఆటే అది. ఆగిన ఆటను మళ్ళీ మొదలుపెట్టే స్క్రమ్‌లో ఒక్కో జట్టు నుంచి ఎనిమిది మంది తలలు దించి ఒకరినొకరు నెట్టుకుంటారు. అది అదుపు తప్పి కూలితే దెబ్బ తగిలేది ముందు వరుసలో ఉన్నవాళ్ళ మెడకి. గాలిలోకి ఎగిరి బంతి పట్టుకునే ఆటగాడి కింద నుంచి ఎవరైనా దూసుకొస్తే తలకిందులుగా పడతాడు. కాబట్టి రిఫరీ ఉన్నది తన పాయింట్లు లాక్కోవడానికి కాదనీ, తన ఒంటికి కాపలాగా ఉన్నారనీ ఆటగాడికి చిన్నప్పటి నుంచే తెలుస్తుంది.

ఇంకో సంగతి. ఈ ఆట నియమాలు చాలావరకు మనిషి విచక్షణ మీదే నడుస్తాయి. ట్యాకిల్ (బంతితో ఉన్నవాడిని పట్టి పడేయడం) తర్వాత బంతి చుట్టూ అందరూ కుమ్ముకునే రక్‌ను తీసుకోండి. వెతకాలనుకుంటే దాదాపు ప్రతి రక్‌లోనూ ఏదో ఒక తప్పు దొరుకుతుంది. ఏది పట్టించుకోవాలి, ఏది వదిలేయాలి అని ఒకరు తేల్చకపోతే అసలు ఆటే సాగదు. ఆ ఒక్కరి తీర్పును ఒప్పుకోవడం ఈ ఆట ఆడటంలో భాగం.

నియమాల పుస్తకం రిఫరీకి ఎంత అధికారం ఇస్తుంది?

చాలానే ఇస్తుంది. మ్యాచ్ జరుగుతున్నంతసేపూ ఏం జరిగింది, దానికి ఏ నియమం వర్తిస్తుంది అనే రెండు విషయాల్లోనూ తీర్పు రిఫరీదే. ఆటగాళ్ళు ఆ అధికారాన్ని గౌరవించాలనీ, నిర్ణయంతో వాదనకు దిగకూడదనీ, విజిల్ వినగానే ఆగిపోవాలనీ నియమాల్లోనే రాసి ఉంది. అంటే వాదించడం మర్యాద తప్పడమే కాదు, నేరుగా పెనాల్టీ ఇవ్వదగిన తప్పు కూడా.

అన్నిటికన్నా పదునైన ఆయుధం పది మీటర్ల నియమం. పెనాల్టీ ఇచ్చాక తప్పు చేసిన జట్టు గొణిగినా, చేతులు ఊపినా, బంతిని దూరంగా విసిరినా రిఫరీ ఆ పెనాల్టీ చోటును ఇంకో 10 మీటర్లు ముందుకు జరపవచ్చు. ఈ ఆటలో భూమే ఆస్తి. తన్నితే గోల్ పోస్టులకు అందని పెనాల్టీ ఆ పది మీటర్లతో అందే దూరంలోకి వస్తుంది, మూడు పాయింట్లు పోతాయి. నోరు జారినవాడిని ముందుగా తిట్టేది రిఫరీ కాదు, పక్కనున్న సొంత జట్టువాళ్ళే. నా దృష్టిలో ఆ నియమం గొప్పతనం అదే. క్రమశిక్షణ బాధ్యతను అది జట్టు చేతికే అప్పగిస్తుంది.

అయితే ఒక మ్యాచ్‌లో దీన్ని మాటిమాటికీ వాడాల్సి వచ్చిందంటే, ఆ రిఫరీ పట్టు అప్పటికే జారిపోయిందనుకోవాలి. ఉందని అందరికీ తెలిసి, బయటకు తీయాల్సిన అవసరం రాకపోవడమే దాని అసలు ఉపయోగం.

ఫుట్‌బాల్ కూడా ఇదే నియమం పెట్టుకోవచ్చు కదా?

పెట్టింది. 2000ల మొదట్లో ఫ్రీ కిక్‌ను పది గజాలు ముందుకు జరిపే పద్ధతి తెచ్చి, 2005లో వదిలేసింది. ఫుట్‌బాల్‌లో ముందుకు జరపడం ప్రతిసారీ లాభం కాదు. గోల్‌కు మరీ దగ్గరైతే అడ్డుగోడ మీదుగా బంతిని వంచి కొట్టడం కష్టమవుతుంది. రగ్బీలో మాత్రం ప్రతి మీటరూ లాభమే. ఒక ఆటలో పనిచేసిన శిక్ష ఇంకో ఆటలో పనిచేయాలంటే ఆ రెండు ఆటల లెక్కలు కలవాలి. 2024 యూరో టోర్నీలో మాత్రం ఫుట్‌బాల్ రగ్బీ వైపు ఒక అడుగు వేసింది. రిఫరీ దగ్గరకు వెళ్ళి వివరణ అడిగే అవకాశం కెప్టెన్‌కు మాత్రమే ఇచ్చింది.

ఈ గౌరవం రగ్బీలో మొదటి నుంచీ ఉందా?

లేదు. తొలి రోజుల్లో అసలు రిఫరీయే లేరు. తగాదా వస్తే ఇద్దరు కెప్టెన్లూ మాట్లాడుకుని తేల్చుకునేవాళ్ళు. తర్వాత ఒక్కో జట్టు తరఫున ఒక్కో అంపైర్ వచ్చారు. వాళ్ళిద్దరికీ కుదరనప్పుడు తేల్చడానికి మూడో మనిషిగా రిఫరీ వచ్చారు.

1871 మార్చి 27న ఎడిన్‌బరోలోని రేబర్న్ ప్లేస్‌లో స్కాట్లాండ్, ఇంగ్లండ్ మధ్య మొదటి అంతర్జాతీయ మ్యాచ్ జరిగింది. అందులోనే స్కాట్లాండ్ సాధించిన ఒక స్కోర్ మీద గొడవైంది. ఆ రోజు అంపైర్‌గా ఉన్న హెచ్.హెచ్. ఆల్మండ్ తర్వాత ఒక మాట రాశారు. అనుమానం ఉన్నప్పుడు ఎక్కువ అరిచే జట్టుకు వ్యతిరేకంగా తీర్పు ఇవ్వడం సబబేననీ, తప్పు బహుశా వాళ్ళదే అయి ఉంటుందనీ దాని సారాంశం. న్యాయశాస్త్రం ఒప్పుకోకపోవచ్చు గానీ, ఆ రోజుల్లో అంపైర్ల చుట్టూ ఎంత అరుపులు ఉండేవో ఆ మాటే చెబుతోంది.

1884లో ఇంగ్లండ్, స్కాట్లాండ్ మ్యాచ్‌లో మళ్ళీ ఒక ట్రై (ప్రత్యర్థి గోల్ గీత దగ్గర బంతిని నేలకు తాకించడం) మీద పేచీ వచ్చింది. ఈసారి గొడవ మైదానం దాటి సంఘాల మధ్యకు వెళ్ళింది. నియమాలకు అర్థం చెప్పే అధికారం ఎవరిదన్నదే అసలు తగాదా. దాని ఫలితంగానే 1886లో అంతర్జాతీయ బోర్డు పుట్టింది. తొలుత అందులో ఉన్నవి స్కాట్లాండ్, ఐర్లండ్, వేల్స్. ఇంగ్లండ్ 1890లో గానీ చేరలేదు. నేటి వరల్డ్ రగ్బీ సంస్థకు మూలం అదే. ఇవాళ కనిపించే క్రమశిక్షణ ఎవరికో పుట్టుకతో వచ్చిన పెద్దమనిషితనం కాదు. ఒకరి మాట చివరి మాట కాకపోతే ఆట ఎలా ఆగిపోతుందో అనుభవించి, కష్టపడి కట్టుకున్నది.

రిఫరీ కెప్టెన్‌తోనే ఎందుకు మాట్లాడతారు?

పాతకాలంలో అంపైర్‌కు అప్పీలు చేసుకునే హక్కు కెప్టెన్లది. ఆ అలవాటు రూపం మారి ఇప్పటికీ నిలిచింది. ఆచరణలో దీనివల్ల పెద్ద మేలుంది. పదిహేను మంది పదిహేను రకాలుగా అడిగితే ఎవరికి జవాబు చెబుతారు? ఒక్కరితో మాట్లాడితే, ఆ ఒక్కరు మిగతావాళ్ళకు చెప్పుకోవాలి.

అనుభవం ఉన్న రిఫరీలు దీన్ని తెలివిగా వాడతారు. ఒక ప్రాప్ (స్క్రమ్ ముందు వరుసలో చివర ఉండేవాడు) పదేపదే స్క్రమ్‌ను కూలుస్తున్నాడనుకోండి. అతన్ని అందరి ముందూ నిలదీస్తే పౌరుషం పెరుగుతుంది. అదే కెప్టెన్‌ను పక్కకు పిలిచి, "మీ ఎడమ వైపు ప్రాప్‌తో ఒకసారి మాట్లాడండి, మళ్ళీ జరిగితే నాకు వేరే దారి ఉండదు" అంటే బాధ్యత చేతులు మారుతుంది. కార్డ్ వస్తే కెప్టెన్ ఆశ్చర్యపోలేడు. ముందే విన్నాడు కదా.

కెప్టెన్‌కు అడిగే హక్కు ఉంది, వాదించే హక్కు లేదు. "మేం ఏం మార్చుకోవాలి?" అన్నది ప్రశ్న. "అదెలా పెనాల్టీ అవుతుంది?" అన్నది వాదన.

ఆట సాగుతుండగానే రిఫరీ ఏదో చెబుతూనే ఉంటారు. ఎందుకు?

రగ్బీ రిఫరీ పనిలో సగం ఇదే. టీవీలో చూసేటప్పుడు మైక్ శబ్దం జాగ్రత్తగా వినండి. "వదిలెయ్", "పక్కకు దొర్లు", "చేతులు తీసెయ్", "నీలం ఏడు, వెనక్కి" లాంటి పొడి మాటలు వరసగా వస్తుంటాయి. విజిల్ ఊదాల్సిన అవసరం రాకుండా చేయడానికే ఆ మాటలన్నీ.

ఒక ట్యాకిల్ జరిగిందనుకోండి. పట్టి పడేసినవాడు పట్టు వదిలి పక్కకు తప్పుకోవాలి. బంతితో పడిపోయినవాడు బంతి వదలాలి. వచ్చి చేరేవాళ్ళు తమ వైపు నుంచి, కాళ్ళ మీద నిలబడి రావాలి. ఇదంతా రెండు మూడు సెకన్లలో జరిగిపోతుంది. కింద ఇరుక్కున్నవాడికి తాను ఎక్కడున్నాడో కూడా సరిగ్గా తెలియకపోవచ్చు. ఆ క్షణంలో "పక్కకు దొర్లు" అని వినిపిస్తే, మంచి ఉద్దేశం ఉన్నవాడు దొర్లుతాడు. ఆట సాగుతుంది. విని కూడా కదలనివాడి మీద విజిల్ మోగితే ఎవరికీ అనుమానం ఉండదు, చెప్పాక కూడా చేశాడు కాబట్టి. రక్ నుంచి బంతి బయటకు తీయకుండా నానుస్తుంటే రిఫరీ "బంతిని వాడు" అని గట్టిగా అంటారు. అక్కడి నుంచి ఐదు సెకన్లు. గడువు ముందే చెప్పారు, కాబట్టి కోపానికి తావు లేదు.

గౌరవం పుట్టేది ఇక్కడే అని నా గట్టి నమ్మకం. కార్డులు చూపించడంలో కాదు, పొడుగ్గా ఉపన్యాసం చెప్పడంలో అంతకన్నా కాదు. ఏం చేస్తే ఏం జరుగుతుందో ఆటగాడికి ముందే తెలిసేలా చేయడంలో. కఠినంగా ఉండే రిఫరీతో ఆటగాళ్ళు సర్దుకుపోతారు, చూసీ చూడనట్టు ఉండే రిఫరీతోనూ సర్దుకుపోతారు. నిమిషానికో రకంగా ఉండేవాళ్ళతోనే ఎవరివల్లా కాదు.

దీనికి ఒక హద్దు కూడా ఉంది. అతిగా మాట్లాడే రిఫరీ కోచ్‌లా తయారవుతారు. ప్రతి రక్‌లోనూ నాలుగుసార్లు "వదిలెయ్" అంటుంటే, నాలుగోసారి దాకా వదలక్కర్లేదని ఆటగాళ్ళు నేర్చుకుంటారు. ఒకసారి చెప్పడం, రెండోసారి విజిల్. అంతకు మించితే మాట విలువ పడిపోతుంది.

తప్పు కనిపించినా విజిల్ ఊదకపోతే అది పక్షపాతం కాదా?

రెండు జట్లకూ ఒకేలా వదిలేస్తే కాదు. రిఫరీ తనను తాను వేసుకునే ప్రశ్న ఒకటుంది: ఈ తప్పు వల్ల ఎవరికైనా నష్టం జరిగిందా? బంతి అటు చివర ఉంటే, ఇటు చివర ఒకడు ఉండాల్సిన గీత దాటి అర మీటరు ఆఫ్‌సైడ్‌లో నిలబడటం వల్ల ఆట మీద ప్రభావం ఏమీ లేదు. "వెనక్కి" అని ఒక మాట చాలు. అదే ఆటగాడు బంతి పట్టుకోబోయేవాడికి అడ్డు వస్తే పెనాల్టీ. ప్రమాదకరమైన ఆటకు మాత్రం ఈ లెక్క వర్తించదు. అక్కడ బంతి ఎక్కడున్నా విజిలే.

అడ్వాంటేజ్ నియమం కూడా ఈ కోవలోదే. తప్పు చేయని జట్టు వైపు చేయి చాపి రిఫరీ ఆటను సాగనిస్తారు. వాళ్ళకు లాభం దొరికితే సరే, లేకపోతే మొదటి చోటుకు తీసుకొస్తారు. బంతి నాక్ ఆన్ అయినప్పుడు (చేతికి తగిలి ముందుకు పడినప్పుడు) ఇచ్చే అడ్వాంటేజ్ త్వరగా ముగుస్తుంది, పెనాల్టీ అడ్వాంటేజ్ ఎక్కువసేపు నడుస్తుంది. "అడ్వాంటేజ్ అయిపోయింది" అని గట్టిగా చెప్పడం మర్చిపోతే మాత్రం గందరగోళమే. ఆ మాట మీద నమ్మకంతోనే ఆటగాళ్ళు సాహసాలు చేస్తారు.

మొదటి పది నిమిషాలు అంత కీలకమా?

అవును, చాలా. ఆ పది నిమిషాల్లో రెండు జట్లూ రిఫరీని పరీక్షిస్తుంటాయి. రక్‌లో చేయి ఎంతసేపు పెట్టనిస్తారు, ఆఫ్‌సైడ్ గీత ఎంత కచ్చితం, గొణిగితే ఏమంటారు అని. అక్కడ స్పష్టంగా రెండు పెనాల్టీలు ఇచ్చి కారణం రెండు ముక్కల్లో చెబితే మిగతా 70 నిమిషాలు తేలికవుతాయి. మొదట వదిలేసి అరవయ్యో నిమిషంలో బిగించాలని చూస్తే కుదరదు. ఆటగాళ్ళకు అది అన్యాయంగానే కనిపిస్తుంది. వాళ్ళ కోపంలో తప్పు లేదు.

నిజానికి పని అంతకన్నా ముందే మొదలవుతుంది. మ్యాచ్‌కు ముందు రిఫరీ డ్రెస్సింగ్ రూమ్‌కు వెళ్ళి బూట్ల స్టడ్‌లు చూస్తారు, రెండు జట్ల ముందు వరుసవాళ్ళతో స్క్రమ్ గురించి మాట్లాడతారు. ఇద్దరికీ చెప్పేది ఒకటే కావాలి. ఒక గదిలో నవ్వుతూ, ఇంకో గదిలో బిగుసుకుని మాట్లాడితే ఆ కబురు బయటకు రావడానికి ఎంతోసేపు పట్టదు.

స్క్రమ్ కూలినప్పుడు తప్పు ఎవరిదో రిఫరీకి నిజంగా తెలుస్తుందా?

ప్రతిసారీ నూరు శాతం తెలియదు. మోచేయి కిందికి వంగిందా, ప్రాప్ లోపలికి కోణంగా నెడుతున్నాడా, పాదాలు మరీ వెనక్కి ఉన్నాయా, పట్టు జారిందా అని గుర్తులు చూస్తారు. అవతలి వైపు అసిస్టెంట్ రిఫరీ చూస్తారు. "క్రౌచ్, బైండ్, సెట్" అనే మూడు పిలుపుల మధ్య వ్యవధి ఒకేలా పాటించడం రిఫరీ చేతిలో ఉన్న అతి పెద్ద పని. పిలుపుల లయ కుదిరితే సగం స్క్రమ్‌లు కూలవు. ముందు వరుసలో ఆడి వచ్చిన రిఫరీలు తక్కువ. ఆ సంగతి ఆటగాళ్ళకూ తెలుసు, అందుకే అక్కడ బడాయికి పోకుండా చూసిందే చెప్పేవాళ్ళను గౌరవిస్తారు.

ఎల్లో కార్డ్ ఎప్పుడు తీయాలి?

ప్రమాదకరమైన పని చేసినా, ప్రత్యర్థి ట్రై అవకాశాన్ని కావాలని చెడగొట్టినా హెచ్చరిక అక్కర్లేదు. ఆటగాడు పది నిమిషాలు సిన్ బిన్‌లో కూర్చుంటాడు. కచ్చితంగా పడాల్సిన ట్రైని తప్పుడు ఆటతో ఆపితే ఏడు పాయింట్ల పెనాల్టీ ట్రై, దాంతోపాటు కార్డ్.

కష్టం ఇంకో రకంలో ఉంది. ఒక జట్టు చిన్న చిన్న తప్పులు వేర్వేరు ఆటగాళ్ళతో చేయిస్తూ పోతుంది. ఎవరిదీ పెద్ద తప్పు కాదు, కానీ ప్రత్యర్థికి బంతి బయటకు రాదు. అప్పుడు మెట్లు మెట్లుగా వెళ్ళాలి: పెనాల్టీ, కెప్టెన్‌కు మాట, జట్టు మొత్తానికి హెచ్చరిక, ఆ తర్వాత తప్పు చేసింది ఎవరైనా కార్డ్. హెచ్చరించి కార్డ్ తీయకపోవడం కన్నా అసలు హెచ్చరించకపోవడమే నయం.

2022 సెప్టెంబర్‌లో మెల్‌బోర్న్‌లో ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ మ్యాచ్ చివరి క్షణాలు దీనికి గట్టి ఉదాహరణ. మూడు పాయింట్ల ఆధిక్యంలో ఉన్న ఆస్ట్రేలియాకు పెనాల్టీ వచ్చింది. బెర్నార్డ్ ఫోలీ తన్నకుండా ఆలస్యం చేస్తుంటే ఫ్రెంచ్ రిఫరీ మాథ్యూ రేనల్ ఆడమని చెప్పారు, గడియారం ఆపారు, మళ్ళీ చెప్పారు. అయినా కదలకపోతే పెనాల్టీ రద్దు చేసి న్యూజిలాండ్‌కు స్క్రమ్ ఇచ్చారు. దాని నుంచి వచ్చిన ట్రైతో న్యూజిలాండ్ 39-37తో గెలిచింది. ఆ సమయంలో అలా చేయాలా అని ఎంతో వాదన నడిచింది. నా మాట అడిగితే, రెండుసార్లు చెప్పాక చేయకపోతే ఆ రోజు నుంచి రేనల్ మాటకు ఎవరూ విలువ ఇచ్చేవాళ్ళు కాదు.

రెడ్ కార్డ్ ఇచ్చి మ్యాచ్ పాడుచేశారని అంటారు. నిజమేనా?

2011 వరల్డ్ కప్ సెమీఫైనల్‌లో వేల్స్ కెప్టెన్ శామ్ వార్బర్టన్‌ను ఐర్లండ్‌కు చెందిన రిఫరీ అలెన్ రోలాండ్ మొదటి ఇరవై నిమిషాల్లోనే బయటకు పంపారు. ఎత్తి పడేసే ట్యాకిల్ అది. పద్నాలుగు మందితో ఆడిన వేల్స్ ఒకే ఒక్క పాయింట్ తేడాతో, 9-8తో ఫ్రాన్స్ చేతిలో ఓడింది. అప్పట్లో రోలాండ్‌ను తిట్టనివాళ్ళు తక్కువ. తర్వాత వార్బర్టనే ఆ కార్డ్ సరైనదని ఒప్పుకున్నాడు. సెమీఫైనల్ కాబట్టి, కెప్టెన్ కాబట్టి వదిలేస్తే, మర్నాడు ఎక్కడో స్కూల్ మ్యాచ్‌లో రిఫరీ ఏ ముఖంతో రెడ్ కార్డ్ చూపిస్తారు?

రీప్లేలు, టీఎంవో (వీడియో చూసి రిఫరీకి సాయం చేసే అధికారి) వచ్చాక రిఫరీ అధికారం తగ్గిందా?

కొంత మారింది. తలకు తగిలే ట్యాకిల్‌లకు ఇప్పుడు ఒక వరస ఉంది: తలకు తగిలిందా, అది తప్పుడు ఆటేనా, ప్రమాదం ఎంత, శిక్ష తగ్గించే కారణం ఏదైనా ఉందా. రిఫరీ దీన్ని పైకి చెబుతూ, తెర చూస్తూ తేలుస్తారు. మైక్‌లో అందరూ వింటారు. కారణం విన్న నిర్ణయం నచ్చకపోయినా మింగుడుపడుతుంది.

2023 వరల్డ్ కప్‌లో బంకర్ పద్ధతి వాడారు. రిఫరీ చేతులు అడ్డంగా పెట్టి సైగ చేసి ఎల్లో కార్డ్ ఇస్తే, బయట కూర్చున్న అధికారి ఎనిమిది నిమిషాల్లోపు అది రెడ్ కావాలో లేదో చూస్తారు. ఆ ఫైనల్‌లోనే న్యూజిలాండ్ కెప్టెన్ శామ్ కేన్ కార్డ్ రెడ్‌గా మారింది. దక్షిణాఫ్రికా కెప్టెన్ సియా కొలిసీకి ఇచ్చిన ఎల్లో అలాగే ఉంది. దక్షిణాఫ్రికా 12-11తో గెలిచింది. ఆట ఆగకుండా ఉండటం మంచిదే. కానీ కీలక నిర్ణయం కనిపించని గదిలోంచి వస్తే, దాన్ని ఆటగాడి కళ్ళలోకి చూసి చెప్పే మనిషి ఎవరు? ఈ వెలితి నాకు ఇప్పటికీ తీరలేదు.

రిఫరీ తప్పు చేస్తే ఏం చేయాలి?

ఆట ఆగి ఉండగా తెలిస్తే సరిదిద్దుకోవాలి. 2017లో ఈడెన్ పార్క్‌లో బ్రిటిష్ అండ్ ఐరిష్ లయన్స్‌తో (బ్రిటన్, ఐర్లండ్ ఉమ్మడి జట్టు) న్యూజిలాండ్ ఆడిన మూడో టెస్ట్ (రగ్బీలో అంతర్జాతీయ మ్యాచ్) చివర్లో రిఫరీ రొమైన్ పోయిట్ ఇచ్చిన పెనాల్టీని తానే స్క్రమ్‌గా మార్చారు. మ్యాచ్ 15-15తో, సిరీస్ కూడా సమంగా ముగిశాయి.

తెలియకుండా పోతే ఆ బరువు మోయాల్సిందే. 2015 వరల్డ్ కప్ క్వార్టర్‌ఫైనల్ చివర్లో రిఫరీ క్రెయిగ్ జూబేర్ ఇచ్చిన పెనాల్టీతో ఆస్ట్రేలియా 35-34తో స్కాట్లాండ్‌ను ఓడించింది. అది స్క్రమ్ కావాల్సిందని వరల్డ్ రగ్బీ తర్వాత ప్రకటించింది. అప్పటి నియమాల ప్రకారం ఆ సంఘటనకు రీప్లే అడిగే వీలు కూడా లేదు. విజిల్ మోగగానే ఆయన మైదానం నుంచి పరుగెత్తి వెళ్ళిపోవడం చాలామందికి నచ్చలేదు. తప్పు కన్నా అదే ఎక్కువమందికి గుర్తుండిపోయింది.

ఇంగ్లండ్ రిఫరీ వేన్ బార్న్స్ కథ ఇంకోలా సాగింది. 2007 వరల్డ్ కప్ క్వార్టర్‌ఫైనల్‌లో ఫ్రాన్స్ ట్రైకి ముందు పడిన ఫార్వర్డ్ పాస్‌ను (చేతితో బంతిని ముందుకు విసరడం తప్పు) ఆయన చూడలేదు. ఫ్రాన్స్ 20-18తో న్యూజిలాండ్‌ను ఇంటికి పంపింది. న్యూజిలాండ్ అభిమానుల కోపం ఏళ్ళపాటు ఆయన్ని వదల్లేదు. ఆయన విజిల్ వదల్లేదు. 111 టెస్టులు చేసి, 2023 ఫైనల్‌తో రిటైరయ్యారు.

నైజెల్ ఓవెన్స్‌కు అంత పేరు ఎందుకు వచ్చింది?

వేల్స్‌కు చెందిన ఓవెన్స్ 2015 వరల్డ్ కప్ ఫైనల్‌కు రిఫరీ, 100 టెస్టులు చేసినవారు. ఆయన చమత్కారాలే ఎక్కువమంది చూశారు. 2012లో తన నిర్ణయాల మీద గొణిగిన ఒక ఆటగాడిని పిలిచి, ఇక్కడ రిఫరీ నేను, మీ పని మీరు చేయండి, నా పని నేను చేస్తాను, ఇది ఫుట్‌బాల్ కాదు అని చెప్పిన వీడియో ఇప్పటికీ తిరుగుతోంది. ఆ చమత్కారాన్ని అనుకరించాలని చూసే కొత్త రిఫరీలకు నేను చెప్పేది ఒకటే: ముందు ఆయన నియమాల పరిజ్ఞానం, పరుగు, గొంతులో నిదానం చూడండి. ఆయన గొంతు పెంచరు. గొడవ జరిగాక ఇద్దరినీ పిలిచి, వాళ్ళు చేరేదాకా ఆగి, ఊపిరి తీసుకోనిచ్చి అప్పుడు మాట్లాడతారు. హాస్యం దాని మీద పూత మాత్రమే. 2007లో తాను స్వలింగ సంపర్కుడినని బహిరంగంగా చెప్పాక కూడా ఈ ఆట తనను ఆదరించిందని ఆయన చాలాసార్లు చెప్పారు. తనలా తాను ఉండగలిగిన మనిషికే మైదానంలో ఆ నెమ్మది వస్తుందేమో.

మహిళా రిఫరీలు పురుషుల మ్యాచ్‌లు అదుపు చేయగలరా?

చేస్తున్నారు. ఐర్లండ్‌కు చెందిన జాయ్ నెవిల్ 2017లో వరల్డ్ రగ్బీ ఉత్తమ రిఫరీ అవార్డు అందుకున్నారు, 2023 పురుషుల వరల్డ్ కప్‌లో టీఎంవోగా పనిచేశారు. స్కాట్లాండ్‌కు చెందిన హోలీ డేవిడ్‌సన్ 2022లో ఆక్లండ్‌లో జరిగిన మహిళల వరల్డ్ కప్ ఫైనల్‌ను నడిపారు, అదే ఏడాది పోర్చుగల్, ఇటలీ పురుషుల మ్యాచ్‌కు మొత్తం మహిళల బృందంతో వెళ్ళారు. ముందే చెప్పడం, ఒకేలా ఉండటం, కారణం క్లుప్తంగా వివరించడం: వీటిలో దేనికీ కండబలం అవసరం లేదు.

అయితే రగ్బీలో అంతా మర్యాదేనా?

కాదు, ఈ విషయంలో మనల్ని మనం మభ్యపెట్టుకోకూడదు. 2021లో లయన్స్‌తో తొలి టెస్ట్ ఓడాక దక్షిణాఫ్రికా రగ్బీ డైరెక్టర్ రాసీ ఎరాస్మస్ రిఫరీ నిక్ బెర్రీ నిర్ణయాలను ఏకరువు పెడుతూ గంటకు పైగా ఉన్న వీడియో చేశారు. అది బయటకు వచ్చింది. ఆయన మీద రెండు నెలల పూర్తి నిషేధం, తర్వాత చాలాకాలం మ్యాచ్ రోజు పనుల మీద నిషేధం పడ్డాయి. 2023 ఫైనల్‌కు టీఎంవోగా ఉన్న టామ్ ఫోలీ, ఆన్‌లైన్ దూషణల తర్వాత అంతర్జాతీయ మ్యాచ్‌లకు విరామం ప్రకటించారు. బార్న్స్ తన కుటుంబానికి వచ్చిన బెదిరింపుల గురించి బహిరంగంగా మాట్లాడారు. 2016లో ఇటలీలో ఒక ఆటగాడు మహిళా రిఫరీని వెనక నుంచి ఢీకొట్టి మూడేళ్ళ నిషేధానికి గురయ్యాడు.

మైదానంలో "సార్" అని, ఫోన్‌లో బూతులు తిట్టడం గౌరవం కాదు. ఆటగాళ్ళ క్రమశిక్షణను రగ్బీ బాగానే కట్టింది. గట్టు మీదున్న కోచ్‌లు, తల్లిదండ్రులు, అభిమానుల విషయంలో ఆ పని ఇంకా జరగలేదు. స్కూల్ మ్యాచ్‌లో పదహారేళ్ళ రిఫరీ మీద అరిచే పెద్దవాళ్ళను కోచ్ ఆ క్షణంలోనే ఆపాలి. తర్వాత మాట్లాడదాం అనుకుంటే, వచ్చే వారం ఆ రిఫరీ రారు.

కొత్తగా రిఫరీ అయ్యేవాళ్ళు ముందు ఏం సాధన చేయాలి?

పరుగు. దగ్గర లేని రిఫరీ మాట ఎవరూ నమ్మరు. ఐదు మీటర్ల దూరంలో నిలబడి ఇచ్చిన తప్పుడు నిర్ణయాన్ని ఆటగాళ్ళు త్వరగా క్షమిస్తారు, ముప్పై మీటర్ల నుంచి ఇచ్చిన సరైన నిర్ణయాన్ని కూడా అనుమానిస్తారు.

తర్వాత విజిల్. చిన్న నాక్ ఆన్‌కు చిన్నగా, పెనాల్టీకి గట్టిగా, ప్రమాదకరమైన ఆటకు ఇంకా పొడవుగా. విజిల్ వింటే చాలు ఏం జరిగిందో సగం అర్థం కావాలి. చేతి సైగ నిదానంగా, నిటారుగా ఉండాలి. కారణం నాలుగైదు మాటల్లో: "ఎరుపు ఆరు, వదల్లేదు." సమర్థించుకుంటూ పోతే వాదనకు మీరే తలుపు తీసినట్టు.

గొడవ మొదలైతే మధ్యలోకి దూరకండి. విజిల్ గట్టిగా ఊది, రెండు అడుగులు వెనక్కి వేసి, ఎవరు మొదలుపెట్టారు, ఎవరు మూడోవాడిగా వచ్చి కలిశారు అని నంబర్లు గుర్తుపెట్టుకోండి. విడదీయడం మీ పని కాదు, చూడటం మీ పని.

ఆటగాడిగా రిఫరీతో ఎలా మాట్లాడాలి?

మీరు కెప్టెన్ కాకపోతే ఆట నడుస్తుండగా వీలైనంత తక్కువ. రిఫరీ మీకు ఏదైనా చెబితే "సరే సార్" లేదా "సరే మేడమ్" అని చెప్పి వెంటనే చేసి చూపించండి. కెప్టెన్ అయితే ఆట ఆగినప్పుడు, మామూలు నడకతో, ఒక్కరే వెళ్ళండి. వెనక నలుగురిని వేసుకుని వెళితే అది ప్రశ్నలా ఉండదు, దండయాత్రలా ఉంటుంది. "వాళ్ళ ప్రాప్ మోసం చేస్తున్నాడు" అనకండి. "స్క్రమ్‌లో అటు వైపు పట్టు ఒకసారి చూస్తారా?" అనండి. అడిగాక జవాబు విని వచ్చేయండి. ఒక మ్యాచ్‌లో ఇలాంటివి రెండు మూడు అడిగితే వింటారు, పదోసారికి వినడం మానేస్తారు.

మ్యాచ్ అయ్యాక చాలామంది రిఫరీలు కాసేపు అక్కడే ఉంటారు. చేయి కలిపి, మీకు అర్థం కాని ఒక్క సంఘటన గురించి అడగండి. తమకు ఏం కనిపించిందో, ఏం కనిపించలేదో చెబుతారు. వచ్చే మ్యాచ్‌లో మీ చేయి ఎక్కడ పెట్టాలో అక్కడే తెలుస్తుంది.